అతిథి వాయించిన ఆర్గాన్

బాలలూ! మీలో చాలామంది హార్మోనియం చూచే ఉంటారు. భజన జరిగేచోట, హరికథ చెప్పేచోట, నాటకం ఆడేచోట అది ఉంటుంది. ఒక చేత్తో వెనుకనున్న తిత్తిని ఆడిస్తూ, రెండవ చేత్తో మెట్లు నొక్కితే పలుకుతుంది. భుజాన పెట్టుకొని ఒక మనిషి ఊరూరా తిప్పగల వాద్యం అది.

మరి ఇల్లంత ఎత్తున్న వాద్యాన్ని ఎప్పుడైనా చూచారా? దానిని ఎవరూ ఎక్కడికీ మోసుకొని పోలేరు. వాయించదలచినవాడే దాని ఇంటికి అతిథిగా వెళ్ళాలి. అటువంటి వాద్యాన్ని నేను చెన్నైలో చూచాను. దాని ముందు మన నాగర్‌కర్నూలు పిల్లవాడు ఒకడు కూర్చుని, కాగితం లేకుండా, అప్పటికప్పుడు కల్పించి వాయిస్తుంటే విన్నాను. ఆ సంగతి చెబుతాను. అయితే దానికి ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

మాది గద్వాల. ఒక పక్క కృష్ణ, ఒక పక్క తుంగభద్ర. రెండు నదుల నడుమ ఉన్న నేల గనుక మా సీమను నడిగడ్డ అంటారు. ఊరి మధ్య సోమనాద్రి కట్టించిన కోట ఉన్నది. కోటలోపల చెన్నకేశవస్వామి గుడి ఉన్నది. నిజాం రాజ్యం ఉన్న రోజులలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు అనేవి సంస్థానాలు. అక్కడి ప్రభువులు పండితులను పిలిచి సభలు చేయించేవారు. అందుకే గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరు వచ్చింది.

ఆ సభలకు దూరదూరాల నుంచి కవులు వచ్చేవారు. తిరుపతి వేంకట కవులని జంటకవులు ఉండేవారు. ఒకరు దివాకర్ల తిరుపతిశాస్త్రి, రెండవవారు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950). వారు కూడా ఈ సంస్థానాలకు అతిథులుగా వచ్చి అవధానం చేసినవారే. అష్టావధానమంటే ఏమిటో తెలుసునా? కవిచుట్టూ ఎనిమిదిమంది కూర్చుంటారు. ఒకరు పద్యంలో చివరి పాదం ఇచ్చి, మిగతా మూడూ పూరించమంటారు. ఒకరు నాలుగు మాటలు ఇచ్చి, అవి వచ్చేటట్టు పద్యం చెప్పమంటారు. ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటారు. ఎన్ని కొట్టారో లెక్క చెప్పాలి. ఇంకొకరు అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేస్తారు. కవి వీటన్నిటినీ తట్టుకొని అప్పటికప్పుడు పద్యాలు చెప్పాలి.

మా తాత ఒక మాట అనేవాడు: “ఇంటి దగ్గర కట్టి తెచ్చిన పద్యం వేరు, సభలో పుట్టిన పద్యం వేరు. పుట్టినదానికి ఇచ్చినవాని చెయ్యి కూడా తగిలి ఉంటుంది.” చిన్నప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు.

ఇక బడి సంగతి. నేను వనపర్తిలోనూ, నాగర్‌కర్నూలు చుట్టుపక్కలా చాలా ఏండ్లు పనిచేశాను. 1990 ప్రాంతంలో ఒక బడిలో పొద్దుటి ప్రార్థన జరిపించే పని నాది. మాకు ఒక పాత హార్మోనియం ఉండేది. దానిని తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు వాయించేవాడు. నాగర్‌కర్నూలు దగ్గర పల్లె వానిది. ఆ ప్రాంతంలో 20వ శతాబ్దపు మొదటి రోజులలోనే మెన్నొనైట్ బ్రెదరన్ మిషను వారు వచ్చి ప్రార్థనాలయాలు కట్టారు. వాళ్ళ నాయన ఆదివారం ఆరాధనలో హార్మోనియం వాయించేవాడు. పిల్లవాడు ఆ పక్కన కూర్చుని చూచి, విని నేర్చుకున్నాడు. సరిగమలు చదివి నేర్చుకున్న విద్య కాదు.

మా ప్రార్థన గీతం మోహన రాగంలో ఉండేది. మోహనలో స రి గ ప ద అని అయిదే స్వరాలు. మ, ని ఉండవు. ఒకనాడు గీతం మధ్యలో వాడు మధ్యమం పలికించాడు. పైగా ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ దానినే నొక్కి, చుట్టూ ఏవో స్వరాలు అల్లి, చివరకు పాటలోకి వచ్చాడు. వరుసలలో నిలబడ్డ పిల్లలు కిలకిలా నవ్వారు. నాకు కోపం వచ్చింది.

“మోహనలో మధ్యమం ఎక్కడిదిరా? ఉన్నది ఉన్నట్టు వాయించడం చేతకాకపోతే లే!” అన్నాను, అందరి ముందూ.

వాడు లేచాడు. మరునాటి నుంచి హార్మోనియం వేరే పిల్లవానికి ఇచ్చాను. వాడు తరువాత ఏడాదిన్నర మా బడిలోనే చదివాడు గాని, ఆ పెట్టె దగ్గరకు మళ్ళీ రాలేదు. నేనూ పిలవలేదు.

ఇది జరిగి ముప్పై ఏండ్లు దాటింది. నేను హెడ్మాస్టరునయి, పదవీ విరమణ కూడా చేశాను. ఒకనాడు ఫోను మోగింది. “సార్, నేను” అని పేరు చెప్పాడు. చెన్నైలో రైల్వేలో ఉద్యోగమట. భార్య, ఇద్దరు పిల్లలు. “ఒక్కసారి మా ఇంటికి రండి సార్. మీకు ఒకటి చూపించాలె” అన్నాడు.

వనపర్తిరోడ్ స్టేషన్‌లో రైలెక్కాను. ఈ స్టేషను వనపర్తిలో లేదు, మదనాపురంలో ఉన్నది. కొంతసేపటికి రైలు కృష్ణను దాటి గద్వాలలో ఆగింది. తుంగభద్రను దాటి కర్నూలు చేరింది. డోన్, గుత్తి, తాడిపత్రి, కడప, రేణిగుంట మీదుగా తెల్లవారేసరికి చెన్నై. దారిపొడుగునా నాకు ఒకటే ఆలోచన: వానికి ఆ పొద్దుటి సంగతి జ్ఞాపకం ఉన్నదా?

వాడు నన్ను ఎగ్మోరులోని సెయింట్ ఆండ్రూస్ కర్క్ అనే చర్చికి తీసుకుపోయాడు. ‘కర్క్’ అంటే స్కాట్లాండు వారి భాషలో చర్చి అని అర్థం. 1818లో పునాది వేసి, 1821లో పూర్తిచేశారు. కట్టించిన ఇంజనీరు పేరు డి హావిలండ్. అక్కడి నేల గట్టిది కాదు. అందుచేత పెద్ద పెద్ద బావులు దింపి, వాటిమీద ఇంత కట్టడాన్నీ నిలబెట్టారు. లోపల పదహారు స్తంభాలు గుండ్రంగా నిలిచి గుమ్మటాన్ని మోస్తున్నవి. గుమ్మటం లోపలి భాగమంతా నీలిరంగు. దానిమీద బంగారు చుక్కలు. తల ఎత్తి చూస్తే రాత్రి ఆకాశం కింద నిలబడ్డట్టే ఉంటుంది.

వేదిక వైపు ఆ వాద్యం ఉన్నది. పైపు ఆర్గాన్! ఆకుపచ్చ, బంగారు రంగులు వేసిన గొట్టాలు నిలువునా బారులు తీరి ఉన్నవి. ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో తయారైన ఈ ఆర్గానును ఇక్కడ 1883లో బిగించారు. గద్వాలకు రైలు రాకముందే ఇది ఓడమీద సముద్రాలు దాటి వచ్చిందన్నమాట!

ఆ చర్చిలో వాయించే పెద్దాయన ఒకరు మాకోసం వచ్చారు. నా శిష్యుడు ముందే చర్చివారి అనుమతి అడిగి ఉంచాడు. అనుమతి లేకుండా ఎవరూ దానిని ముట్టుకోకూడదు. ఆయన నాకు ఓపికగా అంతా చూపించారు.

హార్మోనియంలో సన్నని ఇత్తడి నాలుకలు ఉంటవి. గాలి తగిలితే అవి అదిరి మోగుతవి. పైపు ఆర్గానులో అటువంటి నాలుకలున్న గొట్టాలు కొన్ని ఉంటవి. అవి కొంచెం మన సన్నాయిలాగా గట్టిగా పలుకుతవి. కాని ఎక్కువ గొట్టాలలో నాలుక ఉండదు. అవి ఈలలాగా, పిల్లనగ్రోవిలాగా పలుకుతవి. ఒక్కొక్క గొట్టం ఒక్క స్వరమే పలుకుతుంది. అందుకే అన్ని గొట్టాలు కావాలి.

గొట్టం పొడుగైనకొద్దీ స్వరం కిందికి పోతుంది. పైన తెరచి ఉన్న ఎనిమిది అడుగుల గొట్టంలో గాలి సెకనుకు సుమారు 65 సార్లు అదురుతుంది. దానిని సగం చేసి నాలుగు అడుగుల గొట్టం పెడితే 130 సార్లు. అప్పుడు అదే స్వరం పై స్థాయిలో వినిపిస్తుంది. పదహారు అడుగుల గొట్టమైతే దాదాపు మూడు నిలువుల ఎత్తు. దాని మోత చెవికంటె ముందు ఛాతీకి తెలుస్తుంది. పెద్ద పెద్ద ఆర్గానులలో అటువంటివీ ఉంటవి, పెన్సిలు కన్నా చిన్నవీ ఉంటవి.

వాయించేవాని ముందు మెట్ల వరుసలు ఒకదాని పైన ఒకటి ఉంటవి. పాదాల కింద కర్రమెట్లు వేరే ఉంటవి. వాటితో కింది స్వరాలు పలికిస్తారు. అంటే రెండు చేతులూ, రెండు కాళ్ళూ నాలుగు పనులు చేయాలి. పక్కనున్న బొత్తాలను స్టాపులంటారు. ఒక స్టాపు లాగితే ఒక రకం గొట్టాలకు గాలి వెళుతుంది, ఇంకొకటి లాగితే ఇంకొక రకానికి. మెట్టును గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా ధ్వని మారదు. ధ్వని పెరగాలంటే మరి కొన్ని స్టాపులు లాగాలి. పూర్వం వెనుక మనుషులు నిలబడి తిత్తులు ఊదేవారు. ఈ కాలంలో ఆర్గానులకు కరెంటు మోటారే గాలి ఇస్తున్నది.

ఇది ఈనాటి విద్య కాదు బాలలూ! క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా నగరంలో క్టెసిబియస్ అనే యంత్రశిల్పి నీటి బరువుతో గాలిని నిలకడగా తోలి, గొట్టాలను మోగించాడు. ఆర్గానుకు అదే ఆది.

“ఏ రెండు ఆర్గానులూ ఒక్కటి కావు” అన్నారు ఆ పెద్దాయన. “గొట్టాలు వేరు, స్టాపులు వేరు, హాలు వేరు. ఫిడేలువాడు తన ఫిడేలు తాను తెచ్చుకుంటాడు. ఆర్గాన్ వాయించేవానికి ఆ వీలు లేదు. ఎంత గొప్పవాడైనా, కొత్త చర్చికి పోతే కొత్తగా నేర్చుకోవలసిందే.”

అంతటి వాద్యం మీద అప్పటికప్పుడు కల్పించి వాయించడం యూరపులో గొప్ప విద్య. 1720లో బాక్ అనే జర్మను సంగీతకారుడు హాంబర్గు నగరంలో సెయింట్ కాథరీన్ చర్చికి అతిథిగా వెళ్ళాడు. అప్పటికి ఆయన వయసు 35. నగరంలోని పెద్దల ఎదుట రెండు గంటలకు పైగా వాయించాడు. అక్కడివారు ఒక భక్తిగీతం పేరు చెప్పి, దానిమీద కల్పన చేయమని అడిగారు. సుమారు అరగంటసేపు ఒక్క వరుసను రకరకాలుగా పెంచి వాయించాడు. ఆ చర్చిలో ఎన్నో ఏండ్లుగా ఆర్గాన్ వాయిస్తున్న రైన్‌కెన్ అనే వృద్ధుడు అదంతా విన్నాడు. ఆయన కూడా ఒకప్పుడు ఆ గీతంమీదనే కల్పన రాసినవాడు. ఈ విద్య చచ్చిపోయిందనుకున్నాననీ, ఇతనిలో బ్రతికే ఉన్నదనీ మెచ్చుకున్నాడట. ఈ కథ వింటుంటే నాకు మా గద్వాల సభలే కళ్ళకు కట్టాయి. సమస్య ఇచ్చేది ఊరివారు, పూరించేది అతిథి!

నా శిష్యుడు చెప్పులు విడిచి, పీటమీద కూర్చున్నాడు. తెలుగువారి ఆరాధనలో వాడు చిన్న కీబోర్డు వాయిస్తాడట. ఈ పెద్దదాని ముందు కూర్చోవడం అది రెండవసారి. వెంటనే వాయించలేదు. ఒక స్టాపు లాగి, ఒక స్వరం నొక్కి, వదిలి, విన్నాడు. మెట్టు వదిలిన తరువాత కూడా ధ్వని గుమ్మటంలో తిరిగి తిరిగి నెమ్మదిగా ఆరిపోయింది. ఇంకొక స్టాపు లాగాడు. మళ్ళీ విన్నాడు. పది నిమిషాలు అలాగే గడిచినవి. వాయిస్తున్నాడా, ఇంటివారిని పలకరిస్తున్నాడా అనిపించింది.

తరువాత నావైపు తిరిగి, “సార్, ఒక వరుస ఇయ్యండి. మీరు ఏది ఇస్తే అది వాయిస్త” అన్నాడు.

నా గొంతు ఎండిపోయింది. ఎన్నో పాటలు తెలిసినవాణ్ణి. అయినా నోటికి ఒక్కటే వచ్చింది. మా బడి ప్రార్థన మొదటి చరణం మెల్లగా పాడాను. ముసలిగొంతు, ఆ పెద్ద హాలులో వణికింది.

వాడు నవ్వలేదు. తల ఊపాడు.

మొదట కాలితో కింది ‘స’ నొక్కి అలాగే ఉంచాడు. తంబురా శ్రుతిలాగా నేలంతా గుమ్మని నిండింది. దానిమీద పిల్లనగ్రోవి వంటి సన్నని గొట్టాలతో మా పాట వరుస పలికించాడు. ఆర్గానులో గమకం పలకదు; ఒక స్వరం నుంచి ఇంకొక స్వరానికి జారడం కుదరదు. ఆ లోటు ఎరిగి వాడు వేరే దారి పట్టాడు. కుడిచేయి పాడిన మాటనే ఎడమచేయి కొంచెం ఆగి, కింది స్థాయిలో మళ్ళీ పాడింది. ఒక పిల్లవాడు ప్రార్థన చెబితే, తరగతి అంతా వెనుకనే అందుకున్నట్టు! హాలులో ధ్వని నిలిచి ఉంటుంది గదా, అందుకని తొందరపడలేదు. ఒకటి ఆరేదాకా ఆగి ఇంకొకటి వేశాడు.

అంతలో, గ నుంచి ప కు పోయేచోట, మధ్యమం పలికింది!

నేను ఉలికిపడ్డాను. అదే స్వరం. అదే చోటు. వాని వేలు ఒక్క క్షణం ఆగింది. తరువాత మళ్ళీ ఆ మధ్యమాన్నే నొక్కాడు. మరొక్కసారి. ఎడమచేయి దానికి జవాబు చెప్పింది. పాదం శ్రుతిని వదిలి మధ్యమానికి తోడుగా కిందికి దిగింది. అప్పుడు ఆ పాట మాకు తెలియని ఒక గదిలోకి అడుగుపెట్టినట్టయింది. కొంతసేపు అక్కడ తిరిగి, ఒక్కొక్క స్టాపే కలుపుకుంటూ, అన్ని గొట్టాలూ మోగుతుండగా మళ్ళీ మోహనలోకి, మళ్ళీ మా బడి పాటలోకి వచ్చాడు. చివరి ‘స’ వదిలిన తరువాత అది గుమ్మటంలో ఆరేదాకా మేము ఎవరమూ కదలలేదు.

చర్చి పెద్దాయన ముందు తేరుకొని, “ఆ మధ్యలో వచ్చిన స్వరం బలే ఉన్నది. ముందే అనుకున్నారా?” అని అడిగారు.

“లేదండి. తప్పు అది. వేలు జారింది” అన్నాడు వాడు. “జారిన తరువాత దాచిపెట్టితే తప్పుగనే ఉంటది. అందుకని అక్కడనే నిలబడి, ఇక్కడికి ఎందుకు వచ్చినా అని చూచిన.”

తరువాత నావైపు చూచి, మెల్లగా అన్నాడు: “ఆ పొద్దు కూడ అంతే సార్. కావాలని వాయించలేదు. వేలు జారింది. సర్దుకుందామని చూస్తున్న.”

వానికి జ్ఞాపకం ఉన్నది.

బాలలూ! ముప్పై ఆరేండ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. ఎందరికో తప్పులు దిద్దాను. కాని ఆ పొద్దు వాడు తన తప్పును తానే దిద్దుకుంటుంటే, సగంలో లేపివేశాను. ఆ ఒక్క నిమిషం ఆగి ఉంటే, చర్చిలో విన్నది బడి ముంగిట్లోనే వినేవాణ్ణేమో!

“ఆ పొద్దు నేను వినలేదు బిడ్డా. కోపపడ్డాను, అంతే. తప్పు నాది” అన్నాను.

వాడు కంగారుపడి పీటమీదనుంచి దిగాడు. “అట్ల అనకండి సార్. వరుస ఇచ్చింది మీరేగద” అన్నాడు.

మా తాత మాట నాకు అప్పుడు అర్థమయింది.

తిరుగురైలులో తెల్లవారకముందే మెలకువ వచ్చింది. రైలు తుంగభద్రను దాటి, గద్వాలలో ఆగి, కృష్ణ వంతెన ఎక్కింది. వంతెన ఇనుపకమ్మీల నడుమ చక్రాలు ఒక మోత, నేలమీద ఇంకొక మోత. నేను చాలాసేపు అదే వింటూ కూర్చున్నాను.

పైపు ఆర్గాన్ చూడడానికి మీరు చెన్నై దాకా పోనక్కర లేదు. చిన్నది ఇంట్లోనే తయారు చేయవచ్చు. ఒకే రకం సీసాలు అయిదు తీసుకోండి. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క కొలత నీళ్ళు పోయండి. సీసా మూతిమీద అడ్డంగా ఊదండి. నీళ్ళు ఎక్కువ ఉన్న సీసాలో గాలికి చోటు తక్కువ. అది పొట్టి గొట్టంతో సమానం. అందుచేత పై స్వరం పలుకుతుంది. నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ, తీస్తూ మోహన రాగపు అయిదు స్వరాలు కుదుర్చుకోండి. ఇప్పుడు ఊదకుండా అవే సీసాలను చెంచాతో కొట్టి చూడండి. నీళ్ళు ఎక్కువ ఉన్నది ఈసారి కింది స్వరం పలుకుతుంది! ఊదినప్పుడు అదిరేది ఏది, కొట్టినప్పుడు అదిరేది ఏది అని ఆలోచిస్తే కారణం మీకే తోస్తుంది.

స్వరాలు కుదిరిన తరువాత మీ అమ్మనో నాన్ననో ఒక వరుస ఇమ్మనండి. దానిని మీ ఇష్టం వచ్చినట్టు పెంచి వాయించండి. నడుమ తప్పు వస్తే ఆపవద్దు. పెద్దలూ! మీరు కూడా ఆ ఒక్క నిమిషం ఆగి వినండి.